మెలి తిరిగే బీము – మధ్యలో పట్టే చెయ్యి

(సంఘ సర్వసభ్య సమావేశంలో విశ్రాంత ఇంజనీరు సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కాక మరేదైనా మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఇనుము. అందులోనూ ఒక చిన్న ముక్క గురించి మాట్లాడతాను. పక్క బరువు పడ్డ స్టీలు బీము ఎలా మెలి తిరుగుతుంది, మధ్యలో అడ్డ బీము పెట్టి పట్టుకుంటే ఏమవుతుంది అన్నది. అకౌంట్సు సెక్షను మిత్రులు నిద్రపోనక్కరలేదు. లెక్కలు తక్కువే, ఉన్నవి కూడికలు, గుణకారాలే.

ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, మనలో ఇంజనీరింగు వారిని రిటైరయ్యాక కూడా జనం వదలడం లేదు. మేనల్లుడి దుకాణంలో మెజనైను అంతస్తు, గుడి ముందు రేకుల షెడ్డు, అపార్టుమెంటు మీద నీళ్ళ ట్యాంకుకి స్టాండు, ఏదో ఒకటి. "మీరొక సంతకం పెడితే చాలు బాబాయిగారూ" అంటారు. ఆ సంతకం ఖరీదు నాకు తెలుసు. ముందు ఆ సంగతే చెబుతాను.

1978లో నేనొక వర్కుషాపు విస్తరణ పని చూస్తున్నాను. ఎక్కడ, ఎవరిది అన్నది ఇప్పుడు అనవసరం. స్తంభాల మధ్య 6 మీటర్ల దూరం. ఆ దూరానికి ఐ.ఎస్.ఎం.బి. 300 బీము వేసి, దాని మీద 3 మీటర్ల ఎత్తున సగం ఇటుక గోడ కట్టాలి. గోడ బయటి ముఖం స్తంభం బయటి ముఖంతో కలవాలని ఆర్కిటెక్టు పట్టు. బీము మాత్రం స్తంభం నడుమ గీత మీద ఉంది. దాంతో గోడ బీము నెత్తిన కాకుండా పక్కకు జరిగింది. పై ఫ్లాంజికి బయటివైపు ప్లేటు వెల్డు చేసి, దాని మీద గోడ లేపించాం. గోడ నడుముకీ బీము నడుముకీ తేడా 10 సెంటీమీటర్లు. నేను వంపుకి లెక్క వేశాను, సుమారు మూడో వంతు ఒత్తిడే వచ్చింది. బేఫికరుగా సంతకం పెట్టాను.

గోడ నడుము ఎత్తుకు వచ్చేసరికి ఒక ముసలి మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. "సారూ, పొద్దున గుండు వేస్తే సరిగ్గా ఉన్న వరస సాయంత్రం వేస్తే బయటికి పోతోంది" అన్నాడు. నీ తాడు సరిగా చూసుకో అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు. "గుండు అదే, తాడు అదే సారూ. మీ ఇనుమే కదులుతోంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, చేతిలో స్లైడ్‌రూలు, నాకొక మేస్త్రి ఇనుము పాఠం చెప్పడమా! పని ఆపొద్దన్నాను.

గోడ మనిషెత్తు దాటాక ఒక ఆదివారం రాత్రి బయటికి పడిపోయింది. కింద సైకిలు స్టాండు. ఆదివారం కాబట్టి సైకిళ్ళు లేవు, మనుషులు లేరు. సోమవారం పగలైతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను. ఎంక్వైరీ జరిగింది. సిమెంటు పాలు తక్కువ, నీళ్ళు సరిగా కొట్టలేదు, పనితనం నాసిరకం అని రాశారు. రాసిన ముగ్గురిలో నేనొకణ్ణి. కంట్రాక్టరు ఆ నష్టాన్ని మేస్త్రి బిల్లులోంచి విరిచాడు. బీము అప్పటికే బరువు తీసేసిన స్ప్రింగులా వెనక్కి వచ్చి, చూడ్డానికి తిన్నగానే ఉంది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. నేను అనుమానించాను, కాని నోరు విప్పలేదు.

సరే, ఇక ఇనుము దగ్గరికి వద్దాం.

మా ఇంట్లో కేలండరు వచ్చిన అట్ట గొట్టం ఒకటి తెచ్చాను. ముందు వరుసలోని వారు దీన్ని రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టి చూడండి. తిరగదు. ఇదిగో రెండో గొట్టం, అదే అట్ట, అదే సైజు. పొడుగునా బ్లేడుతో ఒక్క చీలిక పెట్టాను. మెలిపెట్టండి. తడి తువ్వాలులా తిరుగుతోంది కదూ? ఒక్క గ్రాము అట్ట కూడా నేను తీసేయలేదు. 15 సెంటీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం గల ఇనుప గొట్టానికి లెక్క కడితే, చీలిక లేనిది చీలిక ఉన్నదాని కంటే 675 రెట్లు గట్టిగా మెలిని ఎదిరిస్తుంది. గొట్టంలో కోత బలం చుట్టూ గుండ్రంగా పరుగెత్తుతుంది. చీలిక పెడితే దానికి దారి తెగి, అట్ట మందంలోనే అటు పోయి ఇటు రావాలి. అంత ఇరుకులో దానికి పట్టు దొరకదు.

మన ఐ సెక్షను ఈ చీలిన గొట్టం జాతిది. మూడు పలకలు అంటించినట్టు ఉంటుంది, ఎక్కడా మూత పడదు. అలాంటిదాని మెలి గట్టిదనం ప్రతి పలకకీ వెడల్పును మందం ఘనంతో గుణించి మూడుతో భాగిస్తే వస్తుంది. పాత స్టీలు టేబుల్సు ప్రకారం ఐ.ఎస్.ఎం.బి. 300కి ఫ్లాంజి 140 మిల్లీమీటర్ల వెడల్పు, 12.4 మందం, వెబ్ 7.5 మందం. కూడితే 22 సెంటీమీటర్లు, నాలుగో ఘాతం. ఇదే బీముకి నిలువు వంపులో ఆ అంకె 8,600. ఒకే ఇనుప ముక్క, ఒక దిక్కున ఏనుగు, ఇంకో దిక్కున ఎలుక.

ఈ సిద్ధాంతం ఫ్రాన్సులో సాఁ వెనాఁ 1855లో అచ్చువేసినది. కాని ఆయన లెక్క ఒక్కటే అయితే మన షెడ్లన్నీ ఎప్పుడో పడిపోయి ఉండాలి. ఐ సెక్షనుకి రెండో బలం ఒకటుంది. దాన్ని 20వ శతాబ్దం మొదట్లో టిమషెంకో చూపించాడు. బీము మెలి తిరిగేటప్పుడు పై ఫ్లాంజి ఒకవైపు, కింది ఫ్లాంజి ఎదురువైపు జరగాలి. జరగాలంటే ఒక్కో ఫ్లాంజి పడుకోబెట్టిన పట్టెలా అడ్డంగా వంగాలి. అలా వంగడానికి అది ఎదురు తిరుగుతుంది. దాన్నే వార్పింగు బలం అంటాం. సన్నటి పలకల సెక్షన్లన్నిటికీ కలిపి దీన్నొక శాస్త్రంగా నిలబెట్టింది రష్యాలో వ్లాసోవ్. ఆయన పుస్తకం 1940లో వచ్చింది. పాఠ్య పుస్తకాల్లో టార్షన్‌కి విమోటనం అని తెలుగు చేశారు. మా మేస్త్రి దాన్ని "ఇనుము కదలడం" అన్నాడు. రెంటిలో నాకు రెండోదే నచ్చింది.

ఇప్పుడు ఆ 1978 బీముకి నేను అప్పుడు వేయని లెక్క వేద్దాం. మనకు అలవాటైన కిలోల్లోనే చెబుతాను, కుర్రవాళ్ళు న్యూటన్లలోకి మార్చుకుంటారు.

గోడ బరువు మీటరుకి 700 కిలోలు, బీము సొంత బరువు 44. 6 మీటర్లకి వంపు 3,350 కిలో-మీటర్లు, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 584 కిలోలు. అనుమతించేది 1,650. ఇక్కడే నేను పెన్ను మూశాను.

ఇక మెలి. 700 కిలోలు, 10 సెంటీమీటర్ల దూరం. అంటే మీటరుకి 70 కిలో-మీటర్ల మెలి. పాతకాలపు సులువు పద్ధతి ఏమంటుందంటే, ఈ మెలిని రెండు ఫ్లాంజిల మీద ఎదురెదురుగా తోసే రెండు బలాలుగా మార్చు. ఫ్లాంజిల నడుముల మధ్య దూరం 28.8 సెంటీమీటర్లు కాబట్టి ఒక్కోదాని మీద మీటరుకి 243 కిలోలు. ఫ్లాంజిని 6 మీటర్ల అడ్డ బీముగా చూస్తే ఒత్తిడి 3,380 వస్తుంది. ఇనుము సాగిపోయే హద్దు 2,500. ఈ లెక్క చూసి గుండె జారనక్కరలేదు. ఇది సాఁ వెనాఁ బలాన్ని పూర్తిగా వదిలేసిన లెక్క. రెండూ కలిపి వేస్తే అందులో 22 శాతమే, అంటే సుమారు 745 మాత్రమే మిగులుతుంది.

ఎందుకంత తేడా? ప్రతి సెక్షనుకీ ఒక సొంత పొడవు ఉంటుంది. వార్పింగు గట్టిదనాన్ని మెలి గట్టిదనంతో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. మన బీముకి అది 106 సెంటీమీటర్లు. ఆనింపు దగ్గర నుంచి దాదాపు అంత దూరం వరకే ఫ్లాంజిల పట్టు ముఖ్యం. అది దాటి నడి బీములోకి వెళితే సాఁ వెనాఁ బలమే ఎక్కువ మోస్తుంది. కాబట్టి పొడుగు బీముకి ఫ్లాంజి పద్ధతి ఒక్కటే వాడితే ఇనుము దండగ. పొట్టి బీముకి వాడితే తప్పు లేదు.

584కి 745 కలిపితే 1,330. 1,650 లోపే ఉంది కదా, మరి గోడ ఎందుకు పడింది? నేను ఏళ్ళ తరబడి కొట్టుకున్నది ఇక్కడే. ఒత్తిడి వైపే చూశాను, తిరుగుడు వైపు చూడలేదు. ఇంకేదీ సాయపడకపోతే పూర్తి గోడ బరువుకి ఆ బీము నడుమ దగ్గర తిరిగే కోణం 8 డిగ్రీలు! బీము విరగదు, సాగదు, బరువు తీస్తే మళ్ళీ తిన్నగా వస్తుంది. కాని దాని నెత్తిన నిలబెట్టిన సగం ఇటుక గోడ 8 డిగ్రీలు ఒరిగితే నిలుస్తుందా? ఒక్క డిగ్రీ ఒరిగినా 3 మీటర్ల ఎత్తున 5 సెంటీమీటర్లు బయటికి పోతుంది. మా గోడ 8 డిగ్రీల దాకా ఆగలేదు, పూర్తి కాకుండానే పడింది. మేస్త్రి ప్రతి వరసనీ గుండుకి సరిచేస్తూ కడుతుంటే, కింది వరసలు బీముతో పాటు ఒరుగుతూ వచ్చాయి. ఆయన నిజాయితీగా కట్టాడు కాబట్టే గోడ విల్లులా వంగింది.

ఇంకో సంగతి కూడా ఉంది. బీము 8 డిగ్రీలు తిరిగాక నిలువు బరువు దాని బలమైన దిక్కున మాత్రమే పనిచేయదు. కొంత భాగం బలహీనమైన దిక్కుకి మళ్ళుతుంది. దానికి లెక్క వేస్తే మరో 750 దాకా ఒత్తిడి. నాలుగు ఫ్లాంజి అంచుల్లో ఒక అంచున ఈ మూడూ కూడి 2,000 దాటిపోతాయి. పైగా 6 మీటర్లు పక్క పట్టు లేని పై ఫ్లాంజికి 1,650 అనుమతించడమే తప్పు, చాలా తగ్గించాలి. అంటే నా "మూడో వంతు ఒత్తిడి" మొదటి నుంచీ అబద్ధమే.

ఇప్పుడు మధ్యలో పట్టే చెయ్యి. 3 మీటర్ల దగ్గర ఒక అడ్డ బీము తెచ్చి, మన బీము అక్కడ తిరగకుండా గట్టిగా బిగించామనుకోండి. ఏది తగ్గుతుంది? మీలో చాలామంది ఒత్తిడి అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. వేసి చూస్తే వార్పింగు ఒత్తిడి 745 నుంచి 680కి మాత్రమే వచ్చింది. పదో వంతు కూడా తగ్గలేదు! కారణం, పట్టిన చోట రెండు వైపుల ఫ్లాంజిలూ బిగుసుకుని, కొనసాగే బీము నడి ఆనింపు మీద లాగా అక్కడే వంపు పేరుకుంటుంది. పొడవు సగమైన లాభాన్ని ఆ బిగువు చాలావరకు తినేస్తుంది. కాని తిరుగుడు? 8 డిగ్రీల నుంచి ముప్పాతిక డిగ్రీ లోపుకి పడిపోతుంది. పట్టిన చోట అసలే లేదు కాబట్టి బలహీనమైన దిక్కు ఒత్తిడి దాదాపు మాయం. పై ఫ్లాంజి పక్క పట్టు లేని పొడవు కూడా సగమయింది. బ్రేసింగు చేసే మేలు ఇది. ఒత్తిడి పట్టికలో వెతికితే కనపడదు.

ముప్పాతిక డిగ్రీ కూడా ఇటుక గోడకి ఎక్కువే అని నా అభిప్రాయం. 2 మీటర్లకొకటి చొప్పున రెండు అడ్డ బీములు పెడితే పావు డిగ్రీ లోపుకి వస్తుంది. అన్నిటికంటే మంచిది గోడని బీము నెత్తిమీదికి జరపడం. ఆర్కిటెక్టుతో ఒక గంట పోట్లాడితే టన్ను ఇనుము మిగులుతుంది. అప్పుడు నాకు ఆ ధైర్యం లేదు.

ఇక పట్టడం అంటే ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే సైటులో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. బీముని పక్కకు పోకుండా పట్టడం వేరు, తిరగకుండా పట్టడం వేరు. ఎడ్లబండి ఇరుసుని చూడండి. అది ఎటూ కదలదు, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అడ్డ బీముని వెబ్ నడిమధ్యన చిన్న క్లీటుతో, దగ్గర దగ్గరగా రెండు బోల్టులతో కడితే అది ఇరుసే అవుతుంది. కింది ఫ్లాంజికి మాత్రమే యాంగిలు కడితే, పై ఫ్లాంజి తన దారిన తాను పోతుంది.

మన లెక్కలో ఆ నడి అడ్డ బీము పట్టాల్సిన మెలి సుమారు 250 కిలో-మీటర్లు. బోల్టులు రెండూ 7 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కోదాని మీద 3,600 కిలోలు. 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టు ఒక కోతలో క్షేమంగా మోసేది ఒకటిన్నర టన్నుకి మించదు. అదే బోల్టులు 20 సెంటీమీటర్ల దూరాన పెట్టండి, 1,260 చాలు. ఇనుము పెరగలేదు, బోల్టు పెరగలేదు, దూరం ఒక్కటే పెరిగింది. వెబ్ పలచన కాబట్టి బోల్టులు గట్టిగా ఉన్నా వెబ్బే వంకర పోయి ఫ్లాంజిని వదిలేయవచ్చు. అందుకని ఆ చోట పై ఫ్లాంజి నుంచి కింది ఫ్లాంజి దాకా నిండు స్టిఫెనరు ప్లేటు వెల్డు చేయించాలి. ఫాబ్రికేటరు అది అనవసరం అంటాడు. అననివ్వండి.

ఆ 250 కిలో-మీటర్లు అడ్డ బీములోకి వెళ్ళి మాయమైపోవు. 3 మీటర్ల అడ్డ బీము అవతలి కొన పక్క బీము మీద ఆనితే, అక్కడ 84 కిలోలు ఒకవైపుకీ, ఇవతల అంతే ఎదురువైపుకీ పడతాయి. చిన్న అంకెలే, కాని లెక్కలోకి రావాలి. అవతలి కొన గాలిలో ఉన్న బ్రేసింగులు కూడా నేను చూశాను, నవ్వకండి.

పై ఫ్లాంజి పక్కకు ఒరగకుండా పట్టే బ్రేసింగుకి ఐ.ఎస్. 800, ఫ్లాంజిలోని బలంలో రెండున్నర శాతం చొప్పున బలం ఉండాలంటుంది. అది బీము తన బరువుకి తాను ఒరగకుండా పట్టే కొలత. మన గోడ లాగా బరువే పక్కన ఉన్నప్పుడు మెలిని విడిగా లెక్కకట్టి ఆ చెయ్యికి అప్పగించాలి. రెండున్నర శాతం పెట్టాను కదా అని ఊరుకుంటే కుదరదు.

బీము కొసలు మరిచిపోతున్నాం. నా లెక్కంతా రెండు కొసలూ తిరగవు అన్న నమ్మకం మీద వేసింది. స్తంభం మీద సీటు యాంగిలు వేసి కింది ఫ్లాంజికి రెండు బోల్టులు బిగించి, పైన క్లీటు మానేస్తే కొసే తిరుగుతుంది. పైన ఒక చిన్న యాంగిలు ముక్క, రెండు బోల్టులు, పది నిమిషాల పని. దాన్ని మానేసిన చోట్లు ఎన్నో చూశాను.

చానెల్ సెక్షను గురించి రెండు మాటలు. దాని కోత కేంద్రం వెబ్ వెనక, గాలిలో ఉంటుంది. అందువల్ల బరువు సరిగ్గా వెబ్ మీద పెట్టినా మెలి తిరుగుతుంది. ఆ పేరు పెట్టింది స్విట్జర్లాండులో కాంక్రీటు వంతెనలు కట్టిన మయ్యార్, 1921లో. మెట్లకి చానెల్ వాడినప్పుడు వెబ్ ఎటువైపు తిప్పాలని మీ ఇంట్లో అడిగితే, నన్ను టీ దగ్గర పట్టుకోండి.

మా మనవడు ఇదంతా కంప్యూటరు చేస్తుంది తాతయ్యా అన్నాడు. చేయించి చూశాను. మామూలుగా ఆఫీసుల్లో వాడే ఫ్రేము ప్రోగ్రాము బీముకి సాఁ వెనాఁ గట్టిదనం ఒక్కటే ఇస్తుంది, వార్పింగు దానికి తెలియదు. మన బీముకి 10 డిగ్రీలు దాటి తిరుగుడు చూపింది, మెలి వల్ల ఫ్లాంజిలో ఒత్తిడి సున్నా అంది. ఒకటి ఎక్కువ, ఒకటి లేనే లేదు. కుర్రవాడు ఆ రెండో సున్నా చూసి సంతోషించాడు. అట్ట గొట్టం వాడి చేతిలో పెట్టాను.

పోయిన నెల మన సభ్యులొకరు వారి బంధువుల బట్టల కొట్టులో మెజనైను చూడమన్నారు. అంచు బీము మీద గాజు రెయిలింగు, దాని వెనక పక్కకు జరిగిన అరల బరువు. అడ్డ బీము ఉంది, రంగు కూడా బాగా వేశారు. నిచ్చెన ఎక్కి చూస్తే వెబ్ నడుమ చిన్న క్లీటు, రెండు బోల్టులు, 7 సెంటీమీటర్లు. పండగ ముందు పని ఆపుతారా అని యజమాని చికాకు పడ్డాడు. సంతకం పెట్టలేదు. స్టిఫెనర్లు వేసి, నిండు లోతు ప్లేటుతో నాలుగు బోల్టులు బిగించాక వెళ్ళి, బీము పక్కన తూకం గుండు వేలాడదీసి, అరల్లో మూటలు పెట్టించి, మళ్ళీ చూసి పెట్టాను. గుండు మా ఇంట్లోదే. 1978 తర్వాత కొన్నాను.

ఆ మేస్త్రి కోసం తర్వాత రెండుసార్లు వాకబు చేశాను. మొదటిసారి పని మీద వేరే ఊరు వెళ్ళాడన్నారు. రెండోసారి వెళ్ళేసరికి ఆ వీధిలో ఆయన్ని ఎరిగినవారు లేరు. బిల్లులో విరిచింది 340 రూపాయలు. ఆ అంకె నాకు ఇంకా గుర్తుంది.

లెక్కల కాగితాలు నాలుగు పేజీలు కార్యదర్శి గారి దగ్గర ఉంచాను, కావలసినవారు జిరాక్సు తీసుకోండి. గొట్టాలు రెండూ టీ బల్ల మీద పెడుతున్నాను. చీలికది మాత్రం చింపేయకండి, మనవడికి తిరిగి ఇవ్వాలి.